రోజర్ అంటే సరిపోతుందా? ఏటీసీకి ఎప్పుడు ఏమని బదులివ్వాలి

"అన్నా, ఏటీసీ ఏం చెప్పినా రోజర్ అనేస్తే సరిపోదా?" (ఏటీసీ అంటే విమానాల రాకపోకలను రేడియోలో నడిపించే కంట్రోలర్లు.) ఫ్లయింగ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఆర్‌టీఆర్ (విమాన రేడియోలో మాట్లాడటానికి కావాల్సిన సర్టిఫికెట్) పరీక్షకు తయారయ్యేవాళ్లు మొదటి వారంలోనే ఇది అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అందుకే ఒకేచోట రాసిపెడుతున్నాను.

సరిపోదు. రోజర్ అంటే "మీరు చెప్పినదంతా నాకు అందింది" అని మాత్రమే. చేస్తానని కాదు, అవునని కాదు, ఒప్పుకున్నానని అసలే కాదు. నా మూడో సోలో (ఒంటరిగా ఎగరడం) రోజున ఇది బాగా వంటబట్టింది. రన్‌వేకి ముందు ఆగమని టవర్ (రన్‌వేని చూసుకునే ఏటీసీ) చెప్పింది. నేను "రోజర్" అన్నాను. "రీడ్ బ్యాక్ హోల్డ్ షార్ట్" అన్నాడు కంట్రోలర్, అంటే ఆగమన్న మాటని తిరిగి చెప్పమని. వినబడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా "రోజర్ సార్" అన్నాను. మూడోసారి అతను ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. దిగాక మా ఇన్‌స్ట్రక్టర్ అన్నది ఒకటే: "ఆయన నిన్ను ఆగమన్నాడు. నువ్వు ఆగుతానన్నావా? వినబడిందన్నావు. చెవుడు లేదని నీ మెడికల్‌లోనే ఉందిగా!"

కంట్రోలర్‌కి మీ కాక్‌పిట్ కనబడదు. మీ చెవిలో పడిందేమిటో తెలుసుకోవడానికి ఆయనకున్న దారి మీ జవాబు ఒక్కటే. మిగతా రూల్స్ అన్నీ ఇందులోంచి పుట్టినవే.

ఏమేం కావాలి

నీబోర్డ్ (తొడకు కట్టుకునే రాత పలక), దానికి దారంతో కట్టిన పెన్ను. దారం ఎందుకంటే, ట్యాక్సీ చేస్తుండగా (విమానాన్ని నేల మీద నడుపుతుండగా) పెన్ను సీటు కిందకి దొర్లితే ఇక ఆ రోజుకి అది లేనట్టే. మీ ఏరోడ్రోమ్ చార్ట్ ప్రింటు (అంటే విమానాశ్రయం పటం; ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల ఆన్‌లైన్ సమాచార పుస్తకం ఈ-ఏఐపీలో ఉచితంగా దొరుకుతుంది). ఫోన్‌లో వాయిస్ రికార్డర్. కంట్రోలర్ వేషం వేయడానికి ఒక మనిషి. ఆ మనిషి పైలట్ కానక్కర్లేదు. నాకు ఇంటర్ చదువుతున్న మా చెల్లెలు చేసిపెట్టింది, నిజం కంట్రోలర్ల కంటే కోపంగా.

పరీక్ష సంగతి ఒక్క మాట. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024తో ఆర్‌టీఆర్ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం టెలికాం శాఖ నుంచి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి మారింది. పాత గైడ్లలో ఉన్న అప్లికేషన్ పద్ధతిని పట్టుకుని వేలాడకండి. మాట్లాడే పద్ధతి మాత్రం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోది, అది మారలేదు.

1. ముందు వినండి, తర్వాత నొక్కండి

ఫ్రీక్వెన్సీ మార్చిన వెంటనే మాట్లాడకండి. రెండు మూడు సెకన్లు ఆగి, ఎవరైనా మాట్లాడుతున్నారా, ఎవరి జవాబు కోసమైనా టవర్ ఎదురుచూస్తోందా అని వినండి. విమానాల వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే మిగతావాళ్లకు మాటలు వినబడవు, కీచుమనే మోత వినబడుతుంది.

బటన్ నొక్కాక అర సెకను ఆగి మొదలుపెట్టండి. మాట పూర్తయ్యాకే వదలండి. చాలామంది నొక్కడం, మాట్లాడటం ఒకేసారి చేస్తారు. దాంతో మొదటి మాట తెగిపోతుంది. ఆ మొదటి మాట ఏటీసీ పేరో మీ కాల్‌సైనో (రేడియోలో మీ విమానం పేరు) అయి ఉంటుంది.

జాగ్రత్త: చాలాసేపటి నుంచి ఫ్రీక్వెన్సీలో ఎవరూ మాట్లాడటం లేదంటే ప్రశాంతంగా ఉందని మురిసిపోకండి. మీ బటనే ఇరుక్కుని ఉందేమో, వాల్యూమ్ తగ్గి ఉందేమో చూడండి.

2. మొదటి కాల్

ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఏం కావాలి. ఈ వరసలోనే. నోట్లో తిరిగేదాకా ముందు కాగితం మీద రాసుకోండి. కింద ఉన్న కాల్‌సైన్, ట్యాక్సీవే, అంకెలు ఉదాహరణకు పెట్టినవి. విక్టర్, టాంగో, ఆల్ఫా అనేవి V, T, A అక్షరాలను రేడియోలో పలికే పేర్లు. వీఎఫ్ఆర్ అంటే బయటికి కంటితో చూస్తూ ఎగరడం, సర్క్యూట్ అంటే రన్‌వే చుట్టూ వేసే చక్కర్, హోల్డింగ్ పాయింట్ అంటే రన్‌వేకి ముందు ఆగాల్సిన చోటు. క్యూఎన్‌హెచ్ అంటే ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి పీడనం, హెక్టోపాస్కల్స్‌లో.

మీరు: బేగంపేట్ టవర్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ.

టవర్: విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, బేగంపేట్ టవర్.

మీరు: విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, సెస్నా వన్ ఫైవ్ టూ, మెయిన్ అప్రాన్, వీఎఫ్ఆర్ సర్క్యూట్స్, రిక్వెస్ట్ ట్యాక్సీ.

టవర్: విక్టర్ బ్రావో చార్లీ, ట్యాక్సీ టు హోల్డింగ్ పాయింట్ ఆల్ఫా, రన్‌వే టూ సెవెన్, విండ్ టూ సిక్స్ జీరో డిగ్రీస్ ఎయిట్ నాట్స్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో వన్ టూ.

మీరు: హోల్డింగ్ పాయింట్ ఆల్ఫా, రన్‌వే టూ సెవెన్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో వన్ టూ, విక్టర్ బ్రావో చార్లీ.

ఇందులో రెండు సంగతులు గమనించండి. కాల్‌సైన్‌ని ముందు కుదించింది టవర్, మీరు కాదు. టవర్ పొడవుగా పిలుస్తున్నంతసేపు మీరూ పొడవుగానే చెప్పాలి, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో విక్టర్ బ్రావో చార్లీ ఉండొచ్చు. రెండోది, గాలి వివరాన్ని మీరు తిరిగి చెప్పలేదు. అది సమాచారం, ఆజ్ఞ కాదు. కొత్తవాళ్లు భయంకొద్దీ గాలితో సహా అంతా ఒప్పజెప్పి, చివరికి క్యూఎన్‌హెచ్ మర్చిపోతారు.

3. అందిన మాటని మూడు గంపల్లో వేయండి

అసలు పని ఇక్కడే ఉంది. ఏటీసీ నోట్లోంచి ఏ మాట వచ్చినా అది ఈ మూడింటిలో ఒక గంపలో పడుతుంది.

మొదటి గంప, మాట తిరిగి చెప్పి తీరాల్సినవి: రూట్ క్లియరెన్స్, ఏ రన్‌వే మీదికైనా వెళ్లడం, దిగడం, ఎగరడం, దాటడం, దాని మీద వెనక్కి ట్యాక్సీ చేయడం, దాని ముందు ఆగడం, ఏ రన్‌వే వాడుకలో ఉందో, ఆల్టిమీటర్ సెట్టింగ్ (క్యూఎన్‌హెచ్ లాంటిది), స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మిమ్మల్ని గుర్తించే నాలుగంకెల సంఖ్య), ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు తిప్పాల్సిన దిక్కు), స్పీడ్, ట్రాన్సిషన్ లెవెల్ (దిగేటప్పుడు క్యూఎన్‌హెచ్‌కి మారే ఎత్తు). వీటికి రోజర్ చెల్లదు, విల్కో చెల్లదు. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పి, చివర కాల్‌సైన్ పెట్టాలి. కాల్‌సైన్ లేని రీడ్‌బ్యాక్ సంతకం లేని చెక్కు లాంటిది.

రెండో గంప, చేయాల్సిన పని, కానీ తిరిగి అప్పజెప్పే అంశం లేనిది. "రిపోర్ట్ డౌన్‌విండ్" (సర్క్యూట్‌లో రన్‌వేకి సమాంతరంగా వెళ్లే దారిలోకి వచ్చాక చెప్పు) అన్నారనుకోండి. "విల్కో, విక్టర్ బ్రావో చార్లీ" చాలు. విల్కో అంటే అర్థమైంది, చేస్తాను అని. "రోజర్ విల్కో" అని రెండూ కలిపి అనేవాళ్లుంటారు. విల్కోలోనే రోజర్ ఉంది కాబట్టి అది దండగ.

మూడో గంప, ఉత్త సమాచారం. "ట్రాఫిక్ ఈజ్ ఎ హెలికాప్టర్ ఆన్ లెఫ్ట్ బేస్" (రన్‌వే వైపు తిరగబోయే దారిలో ఒక హెలికాప్టర్ ఉంది) లాంటిది. ఇక్కడ రోజర్ అనొచ్చు, కనబడితే "ట్రాఫిక్ ఇన్ సైట్" అనాలి. రోజర్‌కి చోటు ఇంతే.

ఇవి కాక ప్రశ్నలుంటాయి. జవాబు అవును అయితే అఫర్మ్, కాదంటే నెగటివ్. అఫర్మేటివ్ అని పూర్తిగా అనకండి. రేడియో గరగరలో ముందు సగం పోయి చివరి "టివ్" మాత్రమే మిగిలితే అది అవునో కాదో అవతలివాడికి తెలియదు. చేయలేని పని చెబితే అనేబుల్ అని, కారణం ఒక్క ముక్కలో చెప్పండి. మన పిల్లలకి ఈ మాట నోరు దాటదు, ఏటీసీ అంటే హెడ్మాస్టర్ అన్నట్టు భయపడతారు. విమానం మీ చేతిలో ఉంది. మబ్బులోకి వెళ్లే హెడింగ్ ఇస్తే "అనేబుల్ డ్యూ వెదర్" అనడం మీ హక్కు, మీ పని కూడా.

వాళ్లు స్టాండ్‌బై అంటే ఆగమని అర్థం. అది అనుమతి కాదు, తిరస్కారం కూడా కాదు. దానికి జవాబు అక్కర్లేదు, ఊరుకోండి.

ఓకే సార్, కాపీడ్, యెస్ యెస్ లాంటివి ఫ్రీక్వెన్సీలో రోజూ వినబడతాయి. సీనియర్లూ అంటారు. వాళ్లు అన్నారని మీరు అనకండి, పరీక్షలో మార్కులు పోతాయి. "సార్" అనడం తప్పేం కాదు. కాకపోతే ప్రతి వాక్యానికీ ఒక సార్ తగిలిస్తే రద్దీ ఫ్రీక్వెన్సీలో పక్కవాడి టైమ్ తినేస్తున్నట్టే.

4. టేకాఫ్ అనే మాటని దాచుకోండి

రన్‌వే దగ్గర సిద్ధంగా ఉన్నారు. "రెడీ ఫర్ టేకాఫ్" అనకండి. "రెడీ ఫర్ డిపార్చర్" అనండి. టేకాఫ్ అనే మాట ఏటీసీ టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చినప్పుడో, దాన్ని రద్దు చేసినప్పుడో, దాన్ని మీరు తిరిగి చెప్పినప్పుడో మాత్రమే నోట్లోంచి రావాలి.

దీని వెనక 583 ప్రాణాలున్నాయి. 1977 మార్చి 27న స్పెయిన్ ద్వీపం టెనెరిఫేలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద డచ్ సంస్థ కేఎల్ఎం విమానం బయల్దేరింది. "వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నారు అందులోంచి. ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారని కంట్రోలర్ అనుకున్నాడు. "ఓకే" అన్నాడు. ఒక క్షణం ఆగి, "స్టాండ్‌బై ఫర్ టేకాఫ్, ఐ విల్ కాల్ యూ" అన్నాడు. సరిగ్గా అప్పుడే, ఇంకా రన్‌వే మీదే ఉన్న పాన్ యామ్ విమానం కూడా బటన్ నొక్కింది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో "ఓకే" తర్వాత మిగిలింది ఎక్కువగా కీచుమోతే. రెండు విమానాలూ ఢీకొన్నాయి. ఒక అటూ ఇటూ కాని వాక్యం, ఒక ఓకే, ఇద్దరు ఒకేసారి నొక్కిన బటన్లు. ఇంతవరకూ మనం మాట్లాడుకున్న తప్పులన్నీ అక్కడ ఒకే నిమిషంలో జరిగాయి.

రన్‌వే మీదికి వెళ్లి ఆగమన్నప్పుడు టేకాఫ్ అనే మాటే రాదు, చూడండి:

టవర్: విక్టర్ బ్రావో చార్లీ, లైన్ అప్ అండ్ వెయిట్, రన్‌వే టూ సెవెన్.

మీరు: లైనింగ్ అప్ అండ్ వెయిటింగ్, రన్‌వే టూ సెవెన్, విక్టర్ బ్రావో చార్లీ.

షరతు పెట్టి కూడా చెబుతారు: "బిహైండ్ ద ల్యాండింగ్ ఏటీఆర్, లైన్ అప్ బిహైండ్." అంటే, దిగుతున్న ఏటీఆర్ విమానం వెళ్లాక దాని వెనక రన్‌వే మీదికి రమ్మని. ఇలాంటప్పుడు షరతుతో సహా తిరిగి చెప్పాలి. ముందుగా ఆ ఏటీఆర్ మీ కంటికి కనబడాలి. కనబడకపోతే ఆ మాటే చెప్పండి, ఊహించి కదలకండి.

5. అంకెలు, మన నాలుక

మన ఫోన్ నంబర్ చెప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు. డబుల్ ఫైవ్ లేదు, ట్రిపుల్ సెవెన్ లేదు. సున్నాని "ఓ" అనడమూ లేదు. స్క్వాక్ 5500 ఇస్తే "ఫైవ్ ఫైవ్ జీరో జీరో", ఒక్కో అంకె విడిగా. ఫ్రీక్వెన్సీ 118.1 అంటే "వన్ వన్ ఎయిట్ డెసిమల్ వన్". పాయింట్ అనకండి.

పలకడంలో ఐకావో చెప్పిన తేడాలు: 3 ట్రీ, 4 ఫోవర్, 5 ఫైఫ్, 9 నైనర్, వెయ్యి టౌసండ్. మొదట్లో నవ్వొస్తుంది. గరగరలో ఫైవ్, నైన్ రెండూ "ఐన్" లాగే వినబడతాయి, అందుకే ఒకదానికి తోక తగిలించారు.

తెలుగువాళ్లు మరో నాలుగు చోట్ల దొరికిపోతారు. మాట అచ్చుతో మొదలైతే ముందు య, వ చేర్చేస్తాం: యెయిట్, యెకో, వోస్కార్. జెడ్ పలకాల్సిన చోట జ పలుకుతాం: జులు. విస్కీ, విక్టర్ రెండిట్లో మొదటి అక్షరం ఒకేలా అనేస్తాం. చివర ఒక ఉకారం పొడిగిస్తాం: టవరు, రన్‌వే ఎయిటు. యాసని మార్చుకోనక్కర్లేదు, అర్థమైతే చాలు. ఈ నాలుగూ రికార్డు చేసుకుని వినండి. నా "ఎయిట్"ని మొదటిసారి విన్నప్పుడు నేనే గుర్తుపట్టలేదు.

ఎత్తు చెప్పేటప్పుడు అంకెకి ముందో వెనకో "ఫ్లైట్ లెవెల్" (వందల అడుగుల్లో చెప్పే ఎత్తు) గానీ "ఫీట్" గానీ తప్పకుండా ఉండాలి. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ 747 కార్గో విమానానికి "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అని చెప్పారు, అంటే 2,400 అడుగులు. టూ అనే అంకెని "కి" అనే అర్థమున్న "టు"గా విన్నారు. "ఓకే, ఫోర్ జీరో జీరో" అని జవాబిచ్చారు, అంటే 400. ఆ తప్పు రీడ్‌బ్యాక్‌ని ఎవరూ పట్టలేదు. కొండని ఢీకొని నలుగురు సిబ్బందీ పోయారు.

టైమ్ ఎప్పుడూ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే టైమ్). మన గడియారంలోంచి 5:30 తీసేయండి. ఉదయం 10:15 అంటే 0445. నీబోర్డ్ పైన పెద్ద అక్షరాలతో "−5:30" అని రాసి పెట్టుకోండి, టెన్షన్‌లో లెక్క తప్పుతుంది.

6. తప్పు దొర్లితే

మీరే తప్పు పలికితే "కరెక్షన్" అని, సరైనది చెప్పండి. "సారీ సారీ, అది కాదు సార్" అన్నారంటే ఏది కాదో ఎవరికీ తెలియదు.

సరిగా వినబడకపోతే "సే అగైన్". మొత్తం అక్కర్లేదు, ఒక్క ముక్కే పోయిందా? "సే అగైన్ క్యూఎన్‌హెచ్" అనండి. "రిపీట్" అనకండి.

ఎక్కువమంది చేసే తప్పు ఇది కాదు. సగం విని, మిగతా సగం ఊహించి, గొంతులో ధైర్యం పెట్టి అప్పజెప్పడం అసలు తప్పు. రోజూ 1012 ఉంటుంది కదా అని, ఈరోజు 1002 చెప్పినా 1012 అనేస్తారు. పది హెక్టోపాస్కల్స్ తేడా అంటే ఎత్తులో దాదాపు 270–300 అడుగుల తేడా. మీరు తప్పు అప్పజెబితే కంట్రోలర్ "నెగటివ్, ఐ సే అగైన్" అని సరిదిద్దుతాడు. సరిగా చెబితే సాధారణంగా ఏమీ అనడు. అలాగని అతను ఊరుకున్నాడంటే మీరు చెప్పింది సరైనదే అనుకోవడానికి లేదు. పైన చెప్పిన కౌలాలంపూర్ సంగతి గుర్తుందిగా. మీకే అనుమానం ఉంటే "కన్ఫర్మ్ క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో టూ" అని అడగండి. ఇందులో నామోషీ లేదు.

7. గాల్లోకి లేచాక

సర్క్యూట్‌లో మాటలు తక్కువ. డౌన్‌విండ్, ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా తిన్నగా దిగే దారి). టచ్‌డౌన్‌కి 4 నాటికల్ మైళ్ల కంటే దూరంగా ఫైనల్‌కి తిరిగితే "లాంగ్ ఫైనల్" అనాలి. "క్లియర్డ్ టు ల్యాండ్" రాలేదా? "కంటిన్యూ అప్రోచ్" అంటే దిగమని కాదు, వస్తూ ఉండమని. క్లియరెన్స్ లేకుండా దగ్గరికొచ్చేస్తే గో అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవండి. రేడియోలో "గోయింగ్ అరౌండ్" ఒక్కటి చాలు. అదీ విమానం పైకి లేవడం మొదలుపెట్టాకే. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాట.

8. ప్రమాదం వస్తే మొహమాటం వద్దు

"ప్రయారిటీ కావాలి", "ఫ్యూయల్ తక్కువగా ఉంది" లాంటివి ఎమర్జెన్సీ మాటలు కావు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర కొలంబియా సంస్థ ఏవియాంకా ఫ్లైట్ 52లోని సిబ్బంది అలాగే అడిగారు, ఎమర్జెన్సీ అనలేదు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 73 మంది చనిపోయారు.

ప్రాణాపాయమైతే మేడే మూడుసార్లు. అర్జెంటే గానీ తక్షణ ప్రాణాపాయం లేకపోతే పాన్ పాన్ మూడుసార్లు. తర్వాత వరస ఇది: ఏటీసీ పేరు, మీ కాల్‌సైన్, ఏం జరిగింది, ఏం చేయబోతున్నారు, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ హెడింగ్, ఎంతమంది ఉన్నారు. ఎవరితో మాట్లాడుతున్నారో ఆ ఫ్రీక్వెన్సీలోనే చెప్పండి. ఎవరూ లేకపోతే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ 121.5లో. స్క్వాక్ కోడ్ 7700 పెట్టండి.

వేరేవాళ్ల మేడే వినబడితే మీరు బటన్ ముట్టుకోకండి. ఎవరూ జవాబు ఇవ్వకపోతే మాత్రం మీరు అందుకుని ఏటీసీకి చేరవేయాలి.

రేడియోనే పోతే స్క్వాక్ 7600 పెట్టి, "ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్" (జవాబు వినబడకపోయినా చెబుతున్నాను) అని మీ ఉద్దేశం చెబుతూ టవర్ వైపు చూడండి. గాల్లో ఉండగా టవర్ నుంచి నిలకడగా పచ్చ లైటు కనబడితే దిగొచ్చు. నిలకడగా ఎరుపు అంటే ఇతరులకు దారిచ్చి తిరుగుతూ ఉండాలి. ఎరుపు మెరుపులు అంటే దిగకూడదు. దీనికీ జవాబు ఉంటుంది: పగలైతే రెక్కలు ఊపాలి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పాలి.

9. వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

స్నేహితుడికి పది క్లియరెన్సులు రాసివ్వండి. అతను చదవాలి, మీరు చూడకుండా రాసుకుని అప్పజెప్పాలి, అంతా రికార్డవ్వాలి. తర్వాత రికార్డింగ్ పెట్టి, ఒక్కో అంశానికి టిక్ పెట్టండి: రన్‌వే, క్యూఎన్‌హెచ్, ఎత్తు, స్క్వాక్, కాల్‌సైన్. పదికి పదీ వచ్చేదాకా స్పీడ్ పెంచకండి. రోజర్ ఎన్నిసార్లు అన్నారో కూడా లెక్కపెట్టండి. మొదటి గంపలోవాటికి ఒక్కసారి అన్నా ఆ రౌండ్ మళ్లీ చేయాలి.

తర్వాత అతనికి మోసం చేసే పని అప్పగించండి. మధ్యలో క్యూఎన్‌హెచ్ మార్చాలి. మీరు తప్పు చెప్పినా ఒకసారి కావాలని ఊరుకోవాలి, మీ అంతట మీకు అనుమానం వస్తుందేమో చూడాలి. ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి, టీవీ పెట్టి చదవాలి. చివరి రౌండ్‌లో, చెప్పకుండా, విక్టర్ బ్రావో చార్లీకి బదులు విక్టర్ బ్రావో డెల్టా అని పిలిచి టేకాఫ్ క్లియరెన్స్ ఇవ్వాలి. మా చెల్లెలు ఇలా నన్ను వరసగా ఆరుసార్లు ఎగరనిచ్చింది. ఏడోసారి నేను నోరు మెదపలేదు. అప్పుడు గానీ స్క్రిప్టు కింద పెట్టలేదు.